నల్లగొండలో ఒక ప్లేస్‌మెంట్ కన్సల్టెన్సీ: పని బాగా చేస్తారు, దరఖాస్తులో ఆ గళ్లు ఎందుకు?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి ఏ రోడ్డున నడిచినా, ఏదో ఒక మేడ మీద ఉద్యోగాలు చూపిస్తామన్న బోర్డు కనబడుతుంది. డిగ్రీ పూర్తయి, ఇంకో రెండేళ్లు కూర్చొని గ్రూప్స్‌కు చదివే స్తోమత లేక, వెంటనే ఇంటికి ఎంతో కొంత సంపాదించి పెట్టక తప్పని పిల్లలు ఆ మెట్లు ఎక్కుతారు. పట్టణంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను రసాయన శాస్త్రం చెబుతాను. చివరి సంవత్సరం పరీక్షలు అయిపోగానే "మేడమ్, అక్కడ డబ్బులు కట్టొచ్చా?" అని పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను. నేను చూసిన కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపం ఆ ఒక్క కార్యాలయానిదే అనుకుంటే, పక్క మేడ మీద అదే దరఖాస్తు నింపే పిల్లకు ఈ సమీక్ష వల్ల ఉపయోగం ఉండదు.

ముందుగా వాళ్లు బాగా చేసే పనుల గురించి చెప్పాలి. రిజిస్ట్రేషన్‌కు తీసుకునే రుసుము తక్కువ, దానికి రసీదు ఇస్తారు. ఉద్యోగం దొరికితే మొదటి నెల జీతంలో సగం తీసుకుంటామని ముందే కాగితం మీద రాసి సంతకం చేయిస్తారు, అంతకు మించి అడిగినట్టు మా పిల్లలెవరూ చెప్పలేదు. చౌటుప్పల్, చిట్యాల వైపు మందుల, రసాయనాల పరిశ్రమలు, మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఆఫీసులు, హైదరాబాద్‌లో ఆసుపత్రులు, బట్టల షోరూములు వీళ్లకు మనుషుల కోసం ఫోన్ చేస్తుంటాయి. లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు చూపించి డబ్బు గుంజే రకం కాదు. రెజ్యూమే ఎలా రాయాలో తెలియని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని టైపు చేయిస్తారు, ఏ బస్సు ఎక్కాలో, కంపెనీ గేటు దగ్గర ఎవరిని అడగాలో కూడా చెప్పి పంపుతారు. ఊరు దాటి ఎన్నడూ ఒంటరిగా వెళ్లని ఆడపిల్లకు ఆ మాట ఎంత ధైర్యం ఇస్తుందో నాకు తెలుసు. ఇంటర్వ్యూ అయిన తరువాత ఫలితం చెప్పడానికి వాళ్లే ఫోన్ చేస్తారు. ఇంత శ్రద్ధగా పని చేసే చోట ఒక్క విషయం సరిగా లేదు. ఆ ఒక్కటే పిల్లల బతుకును నిర్ణయించే విషయం కాబట్టి మిగిలిన సమీక్షంతా దాని గురించే.

నేను మొదట చూసినప్పుడు వాళ్ల దరఖాస్తు ఒక రెండు పేజీల కాగితం. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు, మార్కులు ఉంటాయి. రెండో పేజీలో తండ్రి వృత్తి, సొంత ఇల్లా అద్దె ఇల్లా, కులం, ఉపకులం, ఎత్తు, వాటి కింద "రంగు" అని ఒక గడి. పాస్‌పోర్టు సైజు ఫొటో పేజీ పై మూలలో అతికించాలి. ఫొటో ఉన్నాక రంగు విడిగా ఎందుకు రాయాలని అడిగితే, షోరూముల వాళ్లు కౌంటర్ మీద నిలబడడానికి తెల్లగా ఉన్న పిల్లలను అడుగుతారని కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. చెబుతున్న ఆమెది కూడా చామనఛాయే. కులం గడి ఖాళీగా వదిలేసిన పిల్లలను ఆమె నోటితో అడుగుతుంది. సూటిగా కాదు. "ఏ ఊరు బిడ్డా? ఊర్ల ఏ దిక్కు మీ ఇల్లు? తండానా, ఊరా? మీ నాయిన ఏం జేస్తడు?" ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వచ్చేసరికి గడి నింపనక్కర లేకుండానే విషయం తెలిసిపోతుంది. ఆ తరువాత దరఖాస్తు కుడి అంచున పెన్సిల్‌తో ఒక చిన్న అక్షరం పడుతుంది. కంపెనీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఫైల్లోంచి కాగితాలు ఏరేటప్పుడు వాళ్ల వేలు ముందుగా వెళ్లేది మార్కుల మీదికి కాదు, ఆ అక్షరం మీదికి. ఇది నేను ఎదురుగా కూర్చొని చూసిన సంగతి.

ఒక ఏడాది మా దగ్గర బీఎస్సీ పూర్తి చేసిన ఇద్దరమ్మాయిలు ఒకే రోజు అక్కడ పేరు నమోదు చేసుకున్నారు. ఒకరిది నకిరేకల్ వైపు, ఊళ్లో భూమి ఉన్న కుటుంబం. ఇంకొకరిది చందంపేట వైపు తండా, లంబాడా కుటుంబం. తల్లిదండ్రులు ఏడాదిలో కొన్ని నెలలు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనులకు వెళ్తారు. ఇద్దరి మార్కుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రయోగశాలలో అయితే తండా అమ్మాయి చేతివాటమే వేరు. టైట్రేషన్‌లో ఆమె తీసిన రీడింగు రెండోసారి తీసినా మారదు. బ్యూరెట్ కొసన చుక్కను ఎక్కడ ఆపాలో ఆమె కంటికి తెలుసు. ఇద్దరూ ఒక మందుల కంపెనీలో నాణ్యతా పరీక్షల విభాగంలో ట్రైనీ ఉద్యోగానికి వెళ్లారు. కంపెనీ మనిషి నల్లగొండకే వచ్చి, కన్సల్టెన్సీ వెనుక గదిలో ఇంటర్వ్యూలు చేశాడు.

నేను ఆ గదిలో లేను. బయటికి వచ్చాక ఇద్దరినీ విడివిడిగా అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. నకిరేకల్ అమ్మాయిని బఫర్ ద్రావణం ఎలా తయారు చేస్తావని, పీహెచ్ మీటరును వాడే ముందు ఎందుకు సరిచూడాలని, లాగ్ బుక్‌లో అంకె తప్పు రాస్తే ఎలా దిద్దుతావని అడిగారు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ వేయాలని, వైట్‌నర్ వాడకూడదని ఆమె చెప్పింది. మంచి ప్రశ్నలు, మంచి జవాబులు. ఉద్యోగంలో మొదటి రోజు నుంచి కావలసింది అదే పరిజ్ఞానం. తండా అమ్మాయిని ఇవేవీ అడగలేదు. మీ తండాలో కరెంటు ఉంటుందా, హాస్టల్లో అందరితో కలిసి ఉండగలవా, తీజ్ పండుగ వస్తే తొమ్మిది రోజులు ఇంటికి పోతావు కదా, ఈలోగా మీవాళ్లు పెళ్లి చేసేస్తే మా శిక్షణ అంతా వృథా కదా అని అడిగి, తెలుగు మాట్లాడే తీరు గురించి ఒక మాట అని పంపించేశారు. లాగ్ బుక్‌లో తప్పు ఎలా దిద్దాలో ఆ అమ్మాయికీ తెలుసు, ఇద్దరికీ నేర్పింది నేనే. తెలిసిందని నిరూపించుకోవడానికి కావలసిన ప్రశ్నే ఆమెను ఎవరూ అడగలేదు.

ఇంటర్వ్యూలో వివక్ష అనగానే మనవాళ్లకు ఎవరో ఒకరు కులం పేరుతో తిట్టిన దృశ్యం కళ్ల ముందుకు వస్తుంది. ఆ గదిలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, గొంతు పెంచలేదు. మాట మర్యాదగానే సాగింది. ఒకరిని పని గురించి అడిగారు, ఇంకొకరిని పుట్టుక గురించి అడిగారు. రెండు రోజుల తరువాత కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మొదటి అమ్మాయికి చేరవలసిన తేదీ చెప్పారు, రెండో అమ్మాయికి "సూట్ కాలేదు" అని చెప్పారు. దేనికి కాలేదో చెప్పే అలవాటు వాళ్లకు లేదు, అడిగే అలవాటు పిల్లలకు లేదు.

నడిపే ఆయనతో నేను మాట్లాడాను. చెడ్డ మనిషి అనిపించలేదు. చిన్న ఉద్యోగంతో మొదలై సొంతంగా ఈ పని పెట్టుకున్నాడు, బీద పిల్లల దగ్గర రిజిస్ట్రేషన్ డబ్బు కూడా వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. ఆయన జవాబు ఇది: "మేడమ్, మాకు పట్టింపులేం లెవ్వు. కంపెనీవాళ్లు అడుగుతరు, మేం రాసి పంపుతం. పంపకపోతే ఇంకో కన్సల్టెన్సీకి పోతరు." ఈ జవాబును నేను తేలిగ్గా తీసుకోను. ఆయన చెప్పిన నష్టం నిజమైనదే. అయితే ఆయన దగ్గర కంపెనీ కొనుక్కుంటున్నది ఏమిటో ఆలోచించాలి. మనుషులను వెతికి పెట్టడం ఒక్కటే కాదు, కంపెనీ తన చేతికి మట్టి అంటకుండా కొందరిని ముందే పక్కన పెట్టించుకోవడం కూడా అందులో ఉంది. పెన్సిల్ అక్షరం వేసింది కంపెనీ కాదు, ఫైల్లోంచి కాగితం ఏరింది కంపెనీ కాదు. ఆ పని ఆయన కార్యాలయంలో, ఆయన ఉద్యోగి చేతుల మీదుగా, మా పిల్లలు కట్టిన డబ్బుతోనే జరుగుతోంది.

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం ఈ మధ్యవర్తి మాటకు ఎప్పుడో తలుపు మూసింది. జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం కారణంగా ఉద్యోగం నిరాకరించకూడదని ఆ చట్టం కంపెనీలకు చెప్పడంతో ఆగలేదు. అవే కారణాలతో ఒకరిని ఉద్యోగానికి పంపకుండా ఆపకూడదని ఉద్యోగాలు చూపించే ఏజెన్సీలకు కూడా విడిగా చెప్పింది. కాబట్టి అక్కడి ఏజెన్సీ "యజమాని అడిగాడు, అందుకే ఆ మనిషిని పంపలేదు" అని చెప్పి తప్పించుకోలేదు. మన నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ ఇళ్లల్లో అమెరికాలో పిల్లలు లేని వీధి ఉండదేమో. అక్కడ ఇంటర్వ్యూలో తమ పిల్లవాడి రంగును, పేరును, ఇంగ్లీషు యాసను చూసి పక్కన పెడితే ఆ తల్లిదండ్రులు ఎంత బాధపడతారో విన్నాను. ఆ బాధ న్యాయమైనది. అదే ఇళ్లవాళ్లు ఇక్కడ మిల్లులో గుమస్తాను పెట్టుకునేటప్పుడు "మనోళ్లెవరైనా ఉంటే చూడు" అని ఇదే కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి, అమెరికాలోనే మొదటిసారిగా, కుల వివక్షను నిషేధిస్తూ నిర్ణయం తీసుకోవలసి వచ్చిందంటే మనం సముద్రాలు దాటించి ఏం తీసుకువెళ్లామో తెలుస్తుంది.

ఇద్దరమ్మాయిల కథతో ఏదీ రుజువు కాదని అనేవారు ఉంటారు. నిజమే, ఒక్క జతను చూసి ఒక కంపెనీ మీద తీర్పు చెప్పలేం. ఆ రోజు ఆ మనిషికి నకిరేకల్ అమ్మాయి ఇంకే కారణం చేతనో నచ్చి ఉండవచ్చు. అందుకే పరిశోధకులు ఈ పనిని వేల దరఖాస్తులతో చేశారు. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లో పత్రికా ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపి, 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. తెల్లవారివిగా అనిపించే పేర్లకు నల్లవారివిగా అనిపించే పేర్ల కంటే దాదాపు 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇదే పద్ధతిలో 66 వారాల పాటు 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి, 2007లో ఆ వివరాలు వెల్లడించారు. అవి ప్రైవేటు కంపెనీల ఉద్యోగాలు. సమాన అర్హతలున్న అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే, దళిత పేరున్న దరఖాస్తుకు తరువాతి దశకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకైతే మూడింట ఒక వంతే. గమనించవలసింది ఏమిటంటే అక్కడ కులం గడి లేదు, మతం గడి లేదు, మనిషి ఎదురుగా కూర్చోలేదు. కాగితం మీద పేరు ఒక్కటే ఉంది. పేరుకే ఇంత జరిగితే, కులం, ఉపకులం, రంగు, తండ్రి వృత్తి అన్నీ అచ్చు వేయించి నింపించే కాగితానికి ఎంత జరుగుతుంది?

అదే 2007లో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని కంపెనీల నియామకాధికారులతో మాట్లాడి రాసిన వ్యాసం కూడా ఈ కన్సల్టెన్సీ గదికి సరిగ్గా సరిపోతుంది. మాకు ప్రతిభే ముఖ్యం అని చెప్పిన ఆ అధికారులే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామన్నారు. తండ్రి ఏం చేస్తాడు, తోబుట్టువులు ఏం చేస్తున్నారు, ఎలాంటి ఊరి నుంచి వచ్చాడు అన్నవి చూస్తే మనిషి ఎలాంటివాడో తెలుస్తుందని వాళ్ల నమ్మకం. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ ఆ ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది. ఆ తల్లిదండ్రులు వలస పోయి చదివించినందుకే ఆమె ఆ కుర్చీ దాకా వచ్చిందన్న సంగతి అడిగేవాడి లెక్కలోకి రాదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ నగరపు బస్సు కంపెనీ కథ ఒకటి నేను తరగతిలో చెబుతుంటాను. 1963లో అక్కడ కండక్టర్ ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని ఫోన్‌లో చెప్పి, గయ్ బెయిలీ అనే యువకుడికి ఇంటర్వ్యూ సమయం కూడా ఇచ్చారు. అతను వెస్టిండీస్ నుంచి వచ్చినవాడని తెలియగానే ఇంటర్వ్యూ రద్దు చేశారు. నల్లవారిని, ఆసియావారిని బస్సు సిబ్బందిగా తీసుకోబోమని కంపెనీ బాహాటంగానే చెప్పుకుంది. పాల్ స్టీఫెన్‌సన్, మరికొందరు కలిసి బస్సులను బహిష్కరించమని పిలుపునిచ్చారు. నెలల తరబడి సాగిన ఆ నిరసనకు తలొగ్గి ఆగస్టు 28న కంపెనీ తన విధానాన్ని మార్చుకుంది. సెప్టెంబరులో ఆ నగరంలో మొదటి శ్వేతేతర కండక్టరుగా చేరినవాడు రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు, మన దేశపు మనిషి. ఇంకొకరి ఊళ్లో రంగు అడ్డుగోడ కూలినప్పుడు ముందుగా లోపలికి వెళ్లినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఆ సంగతి తెలిసి కూడా మన ఊళ్లో "రంగు" గడి ఉన్న కాగితాన్ని మన పిల్లల చేతికి ఎలా ఇస్తాం?

ఈ జిల్లాలవాళ్లకు నియామకాల్లో అన్యాయం అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. స్థానికులకే ఉద్యోగాలన్న నిజాం కాలపు ముల్కీ నిబంధనల గొడవ దగ్గర నుంచి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ఉల్లంఘన, 1985లో వచ్చి కూడా సరిగా అమలు కాని 610 జీవో దాకా, స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాల లెక్కలే మన ఇళ్లలో మాట్లాడుకున్నారు. నీళ్లు, నిధులు, నియామకాలు అంటూ ఊరూరా గొంతు కలిపాం. హైదరాబాద్‌లో ప్రైవేటు ఇంటర్వ్యూలకు వెళ్లిన నల్లగొండ, పాలమూరు పిల్లల యాసను వెక్కిరించి పంపించిన రోజులు నా తరంవాళ్లకు గుర్తున్నాయి. ఇంట్లో లంబాడా భాష మాట్లాడే అమ్మాయి తెలుగును అదే పద్ధతిలో ఎత్తిచూపిన మనిషి కూడా ఈ ప్రాంతంవాడే కావడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఈ కన్సల్టెన్సీ అర్హతల పేరుతో పెట్టే షరతులు కూడా ఒకసారి చూడాలి. ప్యాకింగ్ విభాగంలో ఉద్యోగానికి ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలని, స్టోర్స్‌లో లెక్క రాసే పనికి సొంత బండి ఉండాలని అడుగుతారు. ఎవరి పేరూ, కులమూ రాయకుండానే ఈ షరతులు కొందరిని బయటే ఆపేస్తాయి. 1971లో అమెరికా సుప్రీంకోర్టు డ్యూక్ పవర్ కంపెనీ కేసులో ఈ విషయమే తేల్చింది. ఆ విద్యుత్ కంపెనీ అంతకు ముందు నల్లజాతి కార్మికులను తక్కువ జీతపు విభాగానికే పరిమితం చేసేది. 1964 చట్టం అమల్లోకి వచ్చాక ఆ నియమం తీసేసి, ఆ విభాగం నుంచి మిగతా విభాగాలకు మారాలంటే హైస్కూలు పట్టా ఉండాలంది, మిగతా విభాగాల్లో కొత్తగా చేరేవారికి రాత పరీక్షలు కూడా పెట్టింది. ఆ పనికి ఆ పట్టాతో, పరీక్షలతో సంబంధం ఉందని కంపెనీ చూపలేకపోయింది. చేసే పనికి సంబంధం లేని షరతు ఒక జాతివారిని వెలివేస్తుంటే, పెట్టినవారి మనసులో ఏముందన్నది ముఖ్యం కాదని, ఆ షరతు చెల్లదని కోర్టు చెప్పింది. చౌటుప్పల్ కంపెనీ బస్సు పంపిస్తున్నప్పుడు సొంత బండి ఎందుకని అడిగితే మన కన్సల్టెన్సీ దగ్గర కూడా జవాబు లేదు.

మన చట్టం ఏం చెబుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. రాజ్యాంగం 16వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చెబుతుంది. అయితే అది ప్రభుత్వ ఉద్యోగాలకు వర్తించే మాట. ప్రైవేటు నియామకాలన్నింటినీ కప్పే అలాంటి సమగ్ర చట్టం మనకు లేదు. ఉపాధిలో వివక్షకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒడంబడికను మన దేశం 1960లోనే ఆమోదించినా పరిస్థితి ఇదే. అలాగని ప్రైవేటు కంపెనీకి అసలు అడ్డే లేదనుకోవడం పొరపాటు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరుతో ఒకరిని ఉద్యోగానికి దూరం చేయడాన్ని నేరంగా చూస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, అందరికీ అందుబాటులో ఉన్న ఉద్యోగం చేయకుండా ఆ వర్గాలవారిని అడ్డుకోవడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. ఈ చట్టాల గురించి సలహాకు, ఫిర్యాదుకు 14566 నంబరు ఉంది. ఇంటర్వ్యూ గదిలో జరిగినదాన్ని రుజువు చేయడం కష్టమని నాకు తెలుసు. అందుకే రెండో పేజీ గురించి ఇంతగా పట్టుబడుతున్నాను. గదిలో అన్న మాట గాలికి పోతుంది, అచ్చు వేయించిన గడి పోదు.

ఇంటర్వ్యూ అనేదే పక్షపాతానికి చోటిస్తుందని ప్రభుత్వాలు కూడా ఒప్పుకున్నాయి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు కూడా తీసేసింది. ప్రైవేటు కంపెనీలు అంత దూరం వెళ్లనక్కర లేదు. ఒక ఉద్యోగానికి వచ్చినవాళ్లందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో అడిగి, ప్రతి జవాబుకు అక్కడికక్కడే మార్కు వేస్తే చాలావరకు సరిపోతుంది. ట్రైనీ కెమిస్టుకు పది ప్రశ్నలు రాసివ్వమంటే నేను సాయంత్రానికల్లా రాసిస్తానని ఆయనతో చెప్పాను కూడా.

కంపెనీలు పోతాయన్న ఆయన భయానికి కూడా ఒక జవాబు ఉంది. అమెరికాలో 108 పెద్ద కంపెనీలకు దాదాపు 83,000 దరఖాస్తులు పంపి చేసిన అధ్యయనం ఒకటి 2022లో అచ్చయింది. పేరును బట్టి చూపే వివక్ష అన్ని కంపెనీల్లో ఒకేలా లేదని, కొన్నింటిలోనే ఎక్కువగా పోగుపడి ఉందని అందులో తేలింది. మన దగ్గర కూడా ఫోన్ చేసే ప్రతి కంపెనీ కులం అడగదు. కొన్ని పరిశ్రమలు మార్కులు, ప్రయోగశాల అనుభవం తప్ప ఏమీ అడగవని కౌంటర్ అమ్మాయే చెప్పింది. అడిగే నలుగురి కోసం అడగని పదిమందికి కూడా అదే రెండో పేజీ పంపడం ఏ వ్యాపార న్యాయం?

మా సంభాషణ తరువాత వచ్చిన మార్పు ఇది. కొత్తగా అచ్చు వేయించిన దరఖాస్తులో కులం, ఉపకులం, రంగు గళ్లు లేవు. ఇందుకు ఆయనను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. డబ్బు పోతుందన్న భయం ఉండి కూడా చేసిన పని అది. తండ్రి వృత్తి, సొంత ఇల్లు గళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఊరు, తండా అడగడం ఆగలేదు. ఎంపిక కాకపోతే కారణం రాసి ఇవ్వడం ఇంకా మొదలుకాలేదు. చందంపేట అమ్మాయి ఆ తరువాత నల్లగొండలో జరిగిన ఒక జాబ్ మేళాకు వెళ్లింది. అక్కడికి వచ్చిన ఒక కంపెనీ ముందు రాత పరీక్ష పెట్టి, అందులో మార్కులు వచ్చినవాళ్లనే లోపలికి పిలిచి మాట్లాడింది. ఆమె ఇప్పుడు అదే రంగంలో పని చేస్తోంది.

రుసుము, రసీదు, సమయపాలన, పిల్లలతో మాట తీరు వరకు ఈ కన్సల్టెన్సీకి ఐదింటికి నాలుగు ఇస్తాను. అభ్యర్థిని అభ్యర్థిగా కంపెనీ ముందు పెట్టడంలో ఒకటే ఇస్తాను, ఆ ఒకటి తీసేసిన గళ్ల కోసం. మొత్తం మీద రెండు. వెళ్లాలనుకునే పిల్లలు జిల్లా ఉపాధి కార్యాలయంలో, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ముందుగా నమోదు చేసుకోండి, రెండింటికీ రుసుము లేదు. కన్సల్టెన్సీకి వెళ్తే దరఖాస్తు నింపాక రెండు పేజీలనూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తండ్రి వృత్తి, ఇల్లు అడిగే గళ్లలో గీత పెట్టి వదిలేయండి, అలా వదిలేసిన మా పిల్లల దరఖాస్తులను వాళ్లు తిప్పి పంపలేదు. ఊళ్లో ఇల్లు ఏ దిక్కున అని అడిగితే "ఆధార్‌లో చిరునామా ఉంది మేడమ్, అదే రాసుకోండి" అని చెప్పండి. ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, అడిగిన ప్రశ్నలన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసి తేదీ వేసుకోండి. సూట్ కాలేదని ఫోన్ వస్తే దేనికి కాలేదో వాట్సాప్‌లో రాసి పంపమని అడగండి. కార్యాలయం ఆదివారం ఉండదు, మిగతా రోజుల్లో ఉదయం వెళ్తే నడిపే ఆయనే స్వయంగా ఉంటారు. ఆయనతోనే మాట్లాడండి.